అతిథిని అడుగదగిన ప్రశ్నలు

మన పూర్వులు మనకు ధర్మశాస్త్రమును అర్థశాస్త్రమును రెంటిని విడిచిపోయిరి. వాకిట నిలిచిన క్రొత్తవానితో ఏమి మాటాడవలెనను విషయమున ఈ రెండు శాస్త్రములును ఏకీభవింపవు. అతిథిని గోత్ర మేదనియు, శాఖ యేదనియు, ఏమి చదివితివనియు ప్రశ్నింపరాదని పరాశరస్మృతి గృహస్థునకు విధించినది. ఆకలిగొని వచ్చినవాడు అన్నమునకు మాఱుగా తన వంశచరిత్రను చెల్లింపవలసి వచ్చినచో, ఆ గృహస్థు చేసినది ఆతిథ్యము గాక బేర మగునని దీని యభిప్రాయము కావచ్చును.

కౌటిల్యుని మార్గము వేఱు. మైసూరులో శ్యామశాస్త్రిగారు తాళపత్రములనుండి వెలికి దీసి 1909లో ముద్రింపించిన అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను నొక యుద్యోగి కలడు. ఆతడు ఒక మాషకము పుచ్చుకొని ముద్ర వేసిన యనుమతిపత్రము నిచ్చును. ఆ ముద్ర గలవాడే జనపదమున ప్రవేశించుటకు గాని, వెడలుటకు గాని అర్హుడు. ముద్ర లేని స్వదేశీయునకు 12 పణముల దండన. దొంగముద్ర చూపినవాడు పరదేశి యైనచో దండన మిక్కిలి హెచ్చు. పట్టణములలో ధర్మసత్రములు నడపువారు బాటసారులు వచ్చిన సంగతిని అధికారులకు తెలిపిన పిమ్మటనే వారికి బస యీయవలెను. గృహస్థులును తమ యింటికి వచ్చినవారిని, పోయినవారిని గూర్చి తెలుపవలసినదే.

ఒక శాస్త్రము అడుగవద్దనుచున్నది. మఱియొకటి అడిగి తీరవలె ననుచున్నది. వీనిలో ఏది సత్యమని వాదించుటకంటె, ఏది ఎవరికి చెప్పబడినదో విచారించుట మేలు. గృహస్థుడు అతిథిని నమ్మి మోసపోయెనేని నష్టము ఆ యింటితో ముగియును. రాజు మోసపోయెనేని నష్టపడువారు ఆతని నమ్మి నిదురించు ప్రజలు. తన సొత్తును పణముగా నొడ్డి ఉదారుడగుట పుణ్యము. ఒరుల ప్రాణములను పణముగా నొడ్డి ఉదారుడగుట అవివేకము. కావున ప్రభుత్వమునకు ఆగంతుకుని ప్రశ్నించు అధికారము కలదని నేను ఒప్పుకొనుచున్నాను. కాని ఈ యధికారము ప్రజారక్షణ మను కర్తవ్యమునుండి పుట్టినది. తల్లి యెంత మేరకో బిడ్డయు అంత మేరకే. రక్షణమునకు పనికిరాని ప్రశ్న అడిగిన క్షణమున ప్రభుత్వము రక్షకుని పీఠము దిగి కుతూహలపరుని పీఠ మెక్కుచున్నది. ఆ పీఠమున కూర్చుండువానికి అడుగు హక్కు ఎవరును ఈయలేదు.

ఈ విచారము నేడు మనకేల యందురేమో. ఇది పండితుల వాదముగా మిగిలిన కాలము గడచినది. 1914కు పూర్వము ఐరోపాలో పెక్కు దేశములకు పోవుటకు అనుమతిపత్రము అక్కఱలేకుండెను. ఆస్ట్రియా రచయిత స్టెఫాన్ జ్వైగ్, ఆ కాలమున తాను పాస్‌పోర్టు లేకయే హిందూదేశమునకును అమెరికాకును పోయివచ్చితినని తన యాత్మకథలో వ్రాసికొనెను. ఇది సగము సత్యమే యని చెప్పవలెను. ఆ స్వేచ్ఛ ధనవంతుడైన తెల్లవానిది. 1882 నుండియే అమెరికా చీనా కూలీలకు తలుపులు మూసినది. 1914లో కొమగాటా మారు ఓడపై వాంకూవరు చేరిన 376 మంది హిందూదేశీయులలో కొలదిమందిని దక్క తక్కిన వారిని కెనడా దిగనీయలేదు. అయినను సామాన్యముగా ప్రయాణికుని వివరముల నడిగి వ్రాసికొను పద్ధతి యుద్ధముతోడనే స్థిరపడెను. శత్రుగూఢచారుల భయముచే తాత్కాలికముగా తెచ్చిన యేర్పాటు, యుద్ధము ముగిసిన పిమ్మట 1920లో నానాజాతిసమితి పారిసున జరిపిన సమావేశమున ఒక నియతరూపమును దాల్చెను. మనకును 1920లోనే ప్రవేశ పాస్‌పోర్టు చట్టము వచ్చెను. యుద్ధము పోయినది, పాస్‌పోర్టు నిలిచినది. ఆపత్కాలమున వచ్చిన నిబంధన ఆపద తీరినంతనే తానై వెడలిపోదని ఈ చరిత్రవలన మనము మొదట గ్రహింపవలెను.

2001 సెప్టెంబరు 11న అమెరికాలో జరిగిన ఘోరము తరువాత ఈ యేర్పాటు రెండవ రూపము దాల్చినది. 2004 జనవరినుండి ఆ దేశము వచ్చువారి వ్రేలిముద్రలను, ముఖచ్ఛాయాచిత్రములను తీసికొన నారంభించెను. మొదట రెండు వ్రేళ్ళు. పిదప పది వ్రేళ్ళు. జపాను 2007 నవంబరులో ఆ మార్గమే పట్టెను. ఐరోపా సమాఖ్యదేశములు 2025 అక్టోబరు 12న ఇట్టి నూతనవిధానమును ప్రారంభించినవి. అమెరికా వీసా కోరువారు గత 5 సంవత్సరములలో తాము వాడిన సాంఘికమాధ్యమముల పేళ్ళను తెలుపవలెనని 2019 మే 31 నుండి నియమ మేర్పడినది. 2025 జూనులో విద్యార్థులును, అదే సంవత్సరము డిసెంబరు 15 నుండి హెచ్-1బి ఉద్యోగార్థులును వారి కుటుంబములును, తమ మాధ్యమములలోని వ్రాతలను ఎల్లరకు కనబడునట్లు తెఱచి యుంచవలెనని ఆ ప్రభుత్వము ఆదేశించెను. వీసా అక్కఱలేని దేశములవారినుండియు మాధ్యమముల పేళ్ళను, 10 సంవత్సరముల ఈమెయిలు చిరునామాలను, కుటుంబసభ్యుల వివరములను తీసికొనవలెనని 2025 డిసెంబరులో ఒక ప్రతిపాదన ప్రకటింపబడినది.

తెలుగువారి యిండ్లలో దీనివలన కలుగుచున్న మాఱుపాటును గమనింపుడు. పురిటికి కూతురు పుట్టింటికి వచ్చుట మన యాచారము. ఇప్పుడు కూతురు డల్లాసులోనో న్యూజెర్సీలోనో ఉండుటచే, తల్లియే పురిటికై సముద్రములు దాటి పోవుచున్నది. ఆ తల్లి దరఖాస్తున, నీవు గూఢచర్యమునకు వచ్చుచున్నావా, ఉగ్రవాదివా, వ్యభిచారవృత్తికై వచ్చుచున్నావా యను ప్రశ్నలకు కాదు, కాదు, కాదని వ్రాయవలెను. పచ్చళ్ళ జాడీలు కట్టుకొనుచున్న యా యిల్లాలికి బదులుగా కొడుకో, పొరుగింటి పిల్లవాడో ఆ గడులు నింపును గనుక, ఆమెకు ఆ ప్రశ్నలు వినబడకుండుట ఒక యదృష్టమే. గూఢచారి యెవ్వడును ఈ ప్రశ్నకు ఔనని వ్రాయడు గదా యని మనము నవ్వుదుము. అబద్ధమాడి చిక్కినవానిని ఆ యబద్ధమునకే శిక్షించుటకు ఈ ప్రశ్న సాధనమని న్యాయవాదులు చెప్పుదురు. ఆ మాట యుక్తముగానే యున్నది. కాని అందుకై వేలకొలది నిర్దోషులు అవమానకరమైన ప్రశ్నకు తల యొగ్గవలసి వచ్చినదను సంగతిని కూడ లెక్కలో వ్రాసికొనవలెను.

ఇక రాజ్యపక్షమును న్యాయముగా వినవలెను. ఈ భయము కల్పితము కాదు. మన ముంబయి నగరమున 2008 నవంబరు 26న ఆరంభమైన దాడిలో 166 మంది ప్రాణములు కోల్పోయిరి. దానికి ముందు డేవిడ్ హెడ్లీ యను అమెరికా పౌరుడు 2006 నుండి 2008 వఱకు ఐదుమార్లు మన దేశమునకు వచ్చి, హోటళ్ళను, రేవులను చూచి, చిత్రములు తీసికొని పోయెను. వెనుకటి పేరు దావూద్ గిలానీ. 2006లో పేరు మార్చుకొని, క్రొత్త పాస్‌పోర్టుతో, వ్యాపారినని చెప్పి వీసా పొందెను. ఆతని పూర్వవృత్తాంతమును ఎవరైన శ్రద్ధగా విచారించి యుండినచో ఏమయ్యెడిదో యని మృతుల బంధువులు తలంచుట సహజము. వారి యెదుట నిలిచి, ఆగంతుకుని ఏమియు అడుగరాదని చెప్పగల ధైర్యము నాకు లేదు.

కాని ఈ రెండు ఘోరముల చరిత్రను తుదివఱకు చదువవలెను. 2001లో విమానములు పట్టిన 19 మందియు వీసాలు పొంది వచ్చినవారే. వారిలో ఇద్దఱిని గూర్చి అమెరికా గూఢచారశాఖకు 2000 సంవత్సరారంభముననే తెలిసియుండెను. ఆ పేళ్ళు అనుమానితుల పట్టికలో చేరినది 2001 ఆగస్టులో. అప్పటికే వారు ఆ దేశమున ఉండిరి. 2004లో ప్రకటితమైన విచారణసంఘ నివేదిక ఈ సంగతిని విపులముగా తెల్పినది. దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగినట్లని మనవారు చెప్పు సామెత ఇంత చక్కగా అన్వయించు సందర్భము అరుదు. అక్కడ కొఱవడినది సమాచారము కాదు, ఉన్న సమాచారమును వేళకు ఉపయోగించు శ్రద్ధ. ముంబయిలో తుపాకులు పట్టిన పదిమంది సముద్రమార్గమున వచ్చిరి. వారు ఏ దరఖాస్తును నింపలేదు. హెడ్లీ నింపెను గాని, నింపిన దానిని ఎవరును సరిచూడలేదు. కావున ప్రశ్నల సంఖ్య పెరిగిన కొలదియు భద్రత పెరుగుననుట నిరూపితము కాని మాట. కుప్ప పెద్దదైన కొలదియు అందులోని సూది దొరకుట కష్టమగును. పాలకులకు మాత్రము కుప్ప పెంచుట సులభము, వెదకుట కష్టము. జనులకు కుప్ప కనబడును, వెదకుట కనబడదు. అందువలన ప్రతి ఘోరము తరువాతను క్రొత్త ప్రశ్నలు పుట్టుచున్నవి.

ఇక్కడ ఇరువురు వాదులు మనకు అడ్డు వత్తురు. మొదటివాడు, దాచవలసినది లేనివానికి భయమేల యనును. మన యిండ్లకు తలుపులున్నవి. లోపల దొంగసొత్తు ఉండుటచేత కాదు. భార్యతో పలికిన మాట, మిత్రునికి వ్రాసిన ఉత్తరము, దేవునికి చేసిన మ్రొక్కు పాపములు గావు. అయినను అవి బజారున పెట్టదగినవి గావు. మఱియు చూడబడుచున్నానని యెఱిగినవాడు వెనుకటివలె మాటాడడు. నేను ఉపాధ్యాయుడను; విదేశములకు పోదలచిన యువకులను ఏటేట చూచుచుందును. ఒక యుద్ధమును గూర్చియో, ఒక నాయకుని గూర్చియో తమ స్నేహితులతో చర్చించిన మాటలను వారు దరఖాస్తుకు ముందు తుడిచివేయుచున్నారు. అందు నేరమేమియు లేదు. భాషలో మొఱటుతనము కూడ లేకపోవచ్చును. ఎవరికి ఏ మాట యెట్లు తోచునో తెలియదు గనుక తుడుచుచున్నారు. మఱి కొందఱు తుడుచుట కష్టమని వ్రాయుటయే మానుచున్నారు. ఇరువదేండ్ల వయస్సున తప్పో ఒప్పో ఒక యభిప్రాయమును పలికి, ఒరులచే ఖండింపబడి, దానిని దిద్దుకొనుట విద్యలో భాగము. గుంటూరులోనో వరంగల్లులోనో కూర్చున్న విద్యార్థి పరరాజ్యపు టుద్యోగి మనసెట్లుండునో యూహించి తన ఆలోచనను ముందే కత్తిరించుకొనుచున్నచో, ఆ సరిహద్దు విమానాశ్రయమున లేదు. మన తరగతిగదిలోనికి వచ్చినది. ఈ నష్టము ఆ దేశమునకు గాక మనకే.

రెండవవాడు, ఇష్టములేనిచో పోవలదు, బలవంతమేమున్నదనును. ఇది బలమైన వాదమే. ఒక దేశమున స్థిరపడుటకు పరదేశికి హక్కు లేదు. 1795లో జర్మను తత్త్వవేత్త కాంటు శాశ్వతశాంతిని గూర్చి వ్రాసిన వ్యాసమున ఈ విషయమునే విచారించి, పరదేశికి నివాసహక్కు లేకపోయినను, దర్శించుటకు వచ్చి శత్రువుగా చూడబడకుండు హక్కు కలదని నిర్ణయించెను. నాకు ఈ విభాగము సమంజసముగా తోచుచున్నది. రానీయకుండుటకు అధికారము గలవాడు, రానిచ్చుటకు ఏ వెలనైన అడుగవచ్చునని దాని యర్థము కాదు. ఊరిలో ఒకే బావి గలవాడు నీటికై వచ్చినవానితో, నీ యిష్టముంటే త్రాగుము, లేకున్న మానుము, కాని నీ యుత్తరములన్నియు చూపుమనెనేని, దప్పిగొన్నవాడు సమ్మతించెనని చెప్పుట న్యాయమా? మనుమని చూడగోరు ముసలిది ఇచ్చు సమ్మతియు అట్టిదే. పైగా ఆమె తన సంగతులనే కాక కూతురివి, అల్లునివి, బంధువులవి కూడ చెప్పుచున్నది. వారెవరును సమ్మతింపలేదు.

ఈ విషయమున మనవారు పడిన యొక పోరాటము స్మరింపదగినది. అది సందర్శకులను గూర్చినది కాదు, అప్పటికే నివసించుచున్నవారిని గూర్చినది. అయినను అందలి ధర్మసూక్ష్మము ఇచ్చటికి చెల్లును. 1906లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాలు ప్రభుత్వము ఎనిమిదేండ్లు దాటిన ప్రతి ఆసియావాసియు తన పేరు నమోదు చేసికొని వ్రేలిముద్ర లీయవలెనని శాసనము తలపెట్టెను. ఆ వ్రేలిముద్రల విద్య మన బంగాళమున పెరిగినదే. 1858లో హుగ్లీ ప్రాంతమున హెర్షెల్ అను దొర ఒప్పందములకై చేతిముద్ర తీసికొనుటతో మొదలై, అజీజుల్ హక్, హేమచంద్ర బోసు గార్ల కృషితో 1897లో కలకత్తాలో ముద్రల కార్యాలయముగా పరిణమించినది. నేరస్థులను గుర్తించుటకు పెంచిన సాధనమును ఒక జాతి యంతటికి వర్తింపజేయుటను సహింపక, 1906 సెప్టెంబరు 11న జొహన్నెస్‌బర్గున హిందూదేశీయులు సభ చేసి ప్రతిజ్ఞ పట్టిరి. సత్యాగ్రహము పుట్టినది ఆనాడే.

అందఱు మఱచునది తరువాతి కథ. 1908 జనవరిలో జనరల్ స్మట్సుతో రాజీ కుదిరినప్పుడు గాంధీగారు స్వచ్ఛందముగా వ్రేలిముద్రలిచ్చుటకు ఒప్పుకొనిరి. మొన్న కూడదన్నవాడు నేడేల కూడుననుచున్నాడని కోపించిన యొక పఠాను ఫిబ్రవరి 10న ఆయనను దారిలో కొట్టెను. గాంధీగారి సమాధానము సూక్ష్మమైనది. ముద్రలో అవమానము లేదు. నీ జాతి పుట్టుకతోనే అనుమానింపదగినదని శాసనము పలుకుటలో అవమానమున్నది. గుర్తింపునకై మానవుడు మానవునకు ఇచ్చునది వేఱు. నేరస్థునివలె గుంజికొనబడునది వేఱు. ప్రభుత్వము మాట తప్పగా 1908 ఆగస్టు 16న రెండువేలకు పైగా నమోదుపత్రములు అగ్నిపాలయ్యెను. ఈ కథవలన మనకు తేలిన సూత్రమిది: ఏమి అడిగితిరనుట యొక్కటియే చాలదు; ఎవరిని, ఏ హేతువుచేత, ఏ భావముతో అడిగితిరో చూడవలెను.

అడిగినది అడిగినవానితోనే ఉండిపోదను సంగతియు విచారింపవలెను. హాలెండు దేశపు జనాభాపట్టికలు ఒకప్పుడు చక్కని పరిపాలనకు మాదిరిగా చెప్పబడినవి. అందు ప్రతివాని మతము వ్రాయబడియుండెను. వ్రాసినవారు సజ్జనులు, వారి యుద్దేశము చెడ్డది కాదు. 1940లో నాజీలు ఆ దేశము నాక్రమించిరి. పట్టికలు వారి చేత బడెను. యూదులను ఏఱి పట్టుటకు అవి తోడ్పడెను. సుమారు లక్షా నలువదివేల మందిలో లక్షకు పైగా హతులైరి. 1943 మార్చి 27న కొందఱు దేశభక్తులు ఆంస్టర్‌డాములోని జనాభాకార్యాలయమునకు నిప్పు పెట్టిరి. అప్పటికి చాల ఆలస్యమైనది. సమాచారమునకు యజమాని మాఱవచ్చును, స్వభావము మాఱదు. నేటి మంచి ప్రభుత్వమును నమ్మి యిచ్చినదానిని రేపటి ప్రభుత్వము వారసత్వముగా పొందును.

ప్రభుత్వము మాఱకపోయినను దొంగలున్నారు. 2015లో అమెరికా ప్రభుత్వోద్యోగుల కార్యాలయమునుండి 56 లక్షల మంది వ్రేలిముద్రలు అపహరింపబడినవి. 2019లో ఆ దేశపు సరిహద్దుశాఖవారి గుత్తేదారుని యొద్దనుండి ప్రయాణికుల ముఖచిత్రములు పోయినవి. తాళము పోయినచో తాళము మార్చుకొందుము. వ్రేలు పోయినచో ఏమి మార్చుకొందుము? ఇట్టి వస్తువును ఎన్నాళ్ళు దాచవచ్చుననునది ధర్మప్రశ్నయే. ఐరోపావారు నియమము తప్పని ప్రయాణికుని వివరములను 3 సంవత్సరములు దాచెదమనుచున్నారు. అమెరికా భాండారమున వ్రేలిముద్రలకు విధించిన గడువు 75 సంవత్సరములు. పురిటికి పోయిన తల్లి గతించిన పిమ్మటను, ఆ పుట్టిన బిడ్డ వార్ధక్యము వఱకును ఆమె వ్రేళ్ళు అక్కడ కాపురముండును. ఏ రక్షణకొఱకో నాకు బోధపడదు.

ఇంతవఱకు పరులను గూర్చి పలికితిమి. సంస్కారము తన యింటనుండి మొదలు కావలెను. మన దేశపు వీసా దరఖాస్తును ఒక పరదేశి కన్నులతో చదివి చూడుడు. ఆతని మత మేదని అడుగుచున్నాము. శరీరమున కనబడు గుర్తు లేమని అడుగుచున్నాము. నీ తల్లిదండ్రులు గాని, వారి తల్లిదండ్రులు గాని పాకిస్తానువారా యని అడుగుచున్నాము. అమెరికా మన విద్యార్థి వ్రాతల నడిగినప్పుడు మనకు కలుగు కోపము, తాత పుట్టిన యూరును బట్టి మనుమని ఆపునప్పుడు ఏమగుచున్నది? 1947లో గీచిన గీతకు ఆవల పుట్టుట ఆ తాత చేసిన పని కాదు. మనుమడు చేసినది అసలే కాదు. హెడ్లీ అపరాధము ఆతని పనులలోను, ఆతడు చెప్పిన యబద్ధములలోను ఉన్నది. పుట్టుకను అడుగుట సులభము. పనిని విచారించుట శ్రమ. శ్రమకు జంకి మనము పుట్టుకను అడుగుచున్నాము.

ఈ యలవాటు ప్రభుత్వమునకు ఎక్కడ నుండి వచ్చినది? మన వాకిటినుండియే. ఇల్లు అద్దెకు చూడవచ్చినవానిని, ఏ ఉద్యోగము, అద్దె యీయగలవా యని అడుగుటకు ముందే, మీరేమిట్లని అడుగని యిండ్లు మన పట్టణములలో ఎన్ని యున్నవి? అతిథిని గోత్రమడుగరాదన్న స్మృతిని కంఠస్థము చేసిన వంశములలోనే ఈ ప్రశ్న మిక్కిలిగా వినబడును. అడుగవలసిన ప్రశ్న విడిచి, అడుగరాని ప్రశ్నను అడుగుట మనము వాకిట నేర్చి, పొలిమేరకు తీసికొనిపోయితిమి.

మన న్యాయస్థానము ఈ విషయమున మనకంటె ముందు నడచినది. 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యతను ప్రాథమికహక్కుగా ప్రకటించిరి. ఆ హక్కునకు ఆధారమైన రాజ్యాంగపు 21వ అధికరణము పౌరుడని కాక వ్యక్తి యని పలుకుచున్నది. కావున మన గడ్డపై నిలిచిన పరదేశికిని అది వర్తించును. చట్టబద్ధత, న్యాయమైన ప్రయోజనము, ఆ ప్రయోజనమునకు తగిన మేర: ఈ మూడును ఉన్నప్పుడే రాజ్యము ఆ హక్కును సంకోచింపజేయవచ్చును. కాని 2023లో చేసిన సమాచారరక్షణచట్టము, తాను పేర్కొను ప్రభుత్వసంస్థలను భద్రతాదికారణములచే ఆ చట్టమునుండి మినహాయించు అధికారమును కేంద్రప్రభుత్వమునకు ఇచ్చినది. 1920, 1939, 1946, 2000 సంవత్సరముల నాలుగు చట్టములను రద్దుచేసి 2025 సెప్టెంబరు 1న అమలునకు వచ్చిన వలస, విదేశీయుల చట్టము హోటళ్ళనేగాక విద్యాసంస్థలను, వైద్యశాలలను కూడ పరదేశుల వివరములు తెలుపవలసినదిగా విధించినది. పరదేశికి బస యిచ్చినవాడు 24 గంటలలో తెలుపవలెను. కౌటిల్యుని సత్రపాలకుడు ఇంకను జీవించియే యున్నాడు. పరాశరుని గృహస్థుడు మాత్రము కనబడుట లేదు.

అయిన నేమి అడుగవచ్చును? నాకు తోచిన హద్దులను చదువరుల ముందుంచుచున్నాను. మొదటిది, ప్రశ్న ఆగంతుకుని పనిని గూర్చి ఉండవలెను గాని పుట్టుకను గూర్చి ఉండరాదు. నీవెవరవు, ఏల వచ్చితివి, ఎక్కడ నుందువు, ఎప్పుడు పోవుదువు, నీపై నేరముల విచారణ యున్నదా: ఇవి పొలిమేరకాపరి యడుగదగినవి. నీ మత మేమి, నీ తాత యెవడు అనునవి అడుగదగినవి కావు. రెండవది, చేతను అడుగవచ్చును, అభిప్రాయము నడుగరాదు. హింసకు పురికొల్పిన మాట చేతతో సమానము గనుక దానికి మినహాయింపు లేదు. మూడవది, తీసికొన్న దానికి గడువుండవలెను. అతిథి వెడలిన పిమ్మట కొలదికాలమునకు ఆతని చిట్టాయు వెడలవలెను. నాలుగవది, తన్ను గూర్చి యేమి వ్రాసిరో తెలిసికొనుటకును, తప్పున్న దిద్దించుటకును, నిరాకరించినచో కారణ మడుగుటకును ఆతనికి దారి యుండవలెను. ఐదవది తక్కిన వానికన్నిటికి గీటురాయి వంటిది: మన తల్లి పరదేశమున ఆ గవాక్షము ముందు నిలిచినప్పుడు ఏ ప్రశ్నను మనము సహింపలేమో, ఆ ప్రశ్నను మన గవాక్షమున ఎవ్వరిని అడుగరాదు.

ఈ హద్దులలో నిలిచినచో దుష్టు డొకడు తప్పించుకొనునేమో యను భయము మిగిలియే యుండును. దానిని లేదనను. ఐరోపాలో 3 ఏండ్లును, అమెరికాలో 75 ఏండ్లును దాచుచున్నను, పూర్ణరక్షణ యెవ్వరికిని దొరకలేదు. సంపూర్ణమైన భద్రతను కోరువానికి అతిథులే లేని దేశము కావలెను. అట్టి దేశమునకు కాపలా యెంత బలమైనను కాపాడదగినది తక్కువ. మన పొలిమేరను కాపాడుకొందము. కాపాడుచున్నది మనుష్యులుండు నింటినని కాపలావానికి చెప్పవలసిన బాధ్యత ఇంటివారిది. ఆ మాట చెప్పుటకు ముందు, రేపు అద్దెయింటికై మన వాకిట నిలుచువానిని మీరేమిట్లని అడుగక, కూర్చుండుమని మంచినీళ్ళిచ్చుట మనము చేయగల మొదటి పని.